మేనల్లుడికి మామయ్య ఉత్తరం

చిరంజీవి అబ్బాయికి,

మీ మామయ్య ఆశీస్సులు. కోస్ట్ గార్డ్‌లో అసిస్టెంట్ కమాండెంట్ పరీక్ష రాస్తానంటున్నావని అమ్మ ఫోనులో ఏడ్చింది. నీకు బుద్ధి చెబుతానని తనకు మాటిచ్చాను. ఫోను పెట్టేశాక మాత్రం జెట్టీ మీద కనిపించిన ప్రతివాడికీ మా మేనల్లుడు ఆఫీసరు కాబోతున్నాడని చెప్పుకున్నాను.

ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్, డిగ్రీ, పరీక్షలు, కేరళలో ఎళిమల నౌకాదళ అకాడమీ శిక్షణ, ఇవన్నీ నాకంటే నీకే బాగా తెలుసు. ఈత మాత్రం చెరువులో వచ్చింది చాలనుకోకు.

2024 సెప్టెంబరులో పోర్‌బందర్ దగ్గర, ట్యాంకరులో గాయపడిన మనిషిని తేవడానికి వెళ్లిన హెలికాప్టర్ సముద్రంలో పడి ముగ్గురు పోయారు కదా, అమ్మకు ఆ వార్త గుండెల్లో ఉండిపోయింది. అది ఉత్త భయమని నేననను. నా భయం వేరు. సముద్రంలో చిక్కుకున్నవాళ్లను వెతికి పట్టుకున్నాక, ఓడకూ మనిషికీ మధ్య మిగిలే ఆ చివరి యాభై గజాలంటే నాకు వణుకు.

నేను కళాసీగా ఉన్న రోజుల్లో, ఒక కార్తీకంలో వాయుగుండానికి మా బోటు ఇంజను ఆగిపోయింది. అప్పట్లో కోస్ట్ గార్డ్ సాయం నంబరు 1554కు ఫోను చేయడాలు, ఆపదలో ఉన్నామని కబురు పంపే ఇస్రో వాళ్ల యంత్రాలు మాకెక్కడివి? కొట్టుకుపోతుంటే ఒక సరుకుల ఓడ మమ్మల్ని చూసింది. దేవుడొచ్చాడనుకున్నాం. తుప్పు కారిన ఇనుప గోడ మా మీదికి వస్తోంది. పైనుంచి ఎవరో మైకులో అరుస్తున్నారు, ఒక్క ముక్క అర్థం కాలేదు. తాళ్ల నిచ్చెన జారవిడిచారు. అది చూడగానే అందరం ఆ పక్కకే లేచాం. బోటు నడిపే సరంగు కూర్చోండని గొంతు బొంగురుపోయేలా అరుస్తూనే ఉన్నాడు. సగం నీళ్లు నిండిన బోటు కదా, ఒక్కసారిగా ఒరిగింది. నేను తేలేసరికి నా మొలకు కట్టుకున్న ఖాళీ డీజిల్ డబ్బా నా ముఖానికి కొట్టుకుంటోంది. అందరం దొరికాం, ఒక్క కుర్రాడు తప్ప. వాడు వల కింద ఉండిపోయాడు. తుఫానంతా బతికినవాడు నిచ్చెన కనబడ్డాక పోయాడురా.

ఓడ వాళ్లు చెడ్డవాళ్లు కాదు, తొందరపడ్డారు. గాలి వచ్చే వైపు ఓడను అడ్డంగా నిలిపితే దాని చాటున నీళ్లు కాస్త నెమ్మదిస్తాయి, నిజమే. కానీ ఎత్తయిన ఓడను గాలి చిన్న పడవ మీదికే తోస్తుంది. దూరంగా నిలుపు. రబ్బరు బోటు దింపు. ముందు లైఫ్ జాకెట్లు చేరనీ, ఎంతమంది ఉన్నారో అడుగు, అందరినీ కూర్చోబెట్టు, అప్పుడు ఒక్కొక్కరిని పిలువు. నిన్ను గుజరాత్‌లో వేసినా, అండమాన్‌లో వేసినా, అక్కడి జాలర్ల భాషలో ‘కూర్చోండి, అందరినీ తీసుకెళ్తాం’ అనడం మొదటి వారంలోనే నేర్చుకో. ఇంగ్లీషులో గట్టిగా అరిస్తే అర్థమవుతుందనుకునే ఆఫీసర్లలో చేరావంటే నా గడప తొక్కొద్దు.

ఇంకో సంగతి. మునిగేలా ఉన్న బోటును వదిలి రానని సరంగు మొండికేస్తాడు. వాడికి పిచ్చెక్కిందనుకోకు. బోటు మీద అప్పుంటుంది, వల మీద ఇంకో అప్పు, ఒడ్డున వడ్డీవాడు ఉంటాడు. బోటును లాగి తెస్తానని మాటివ్వకు, అది నీ చేతిలో ఉండదు. ప్రాణాలు తీయడమే నీ పని.

ఏమిటిది, ప్రాణాలు తీయడమని రాశాను! నీళ్లలోంచి బయటికి తీయడమని నా ఉద్దేశం, నవ్వకు. చూపు తగ్గింది, చేయి వణుకుతోంది. కొట్టేస్తే కాగితం పాడవుతుంది, అలాగే ఉంచుతున్నాను.

అమ్మతో నేను మాట్లాడతాను, నువ్వు వాదించకు. ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలవుతుంది, దానికి ముందే ఒకసారి రా. మా బోటులో రెండు రాత్రులు ఉండు, కడుపులో తిప్పితే ఎంత తట్టుకుంటావో చూద్దాం. వచ్చేటప్పుడు నా కళ్లద్దాల చీటీ తెచ్చిపెట్టు, అది మీ ఇంట్లోనే మరిచాను.

మీ మామయ్య