ఏడుకూ ఎనిమిదికీ మధ్య ఎంత దూరం?

ప్రశ్న: కంప్యూటర్ ప్రోగ్రాములను కూడా జీవుల మాదిరిగా మార్పు, ఎంపికల ద్వారా పరిణామం చెందించవచ్చని తరగతిలో చెప్పారు. ప్రోగ్రామును ఏ జన్యు సంకేతంలో రాస్తామన్నది ఆ పరిణామాన్ని నిజంగా ప్రభావితం చేస్తుందా? ఎలా రాసినా చివరికి సున్నాలూ ఒకట్లే కదా!
– ఒక ఎంసీఏ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: చాలా ప్రభావితం చేస్తుంది. మార్పు జరిగేది సంకేతంలో, ఎంపిక జరిగేది ప్రోగ్రాము చేసే పనిని బట్టి. కాబట్టి సంకేతంలో చిన్న మార్పు పనిలో ఎంత మార్పు తెస్తుందన్నదే అసలు విషయం. నాలుగు బిట్లలో 7ను 0111 అని, 8ని 1000 అని రాస్తాం. లెక్కలో ఇవి పక్కపక్క అంకెలే అయినా, ఒకదాని నుంచి మరొకదానికి చేరాలంటే నాలుగు బిట్లూ ఒకేసారి తిరగబడాలి. అదే మొదటి బిట్ ఒక్కటి మారితే 7 కాస్తా 15 అయి కూర్చుంటుంది. పక్కపక్క అంకెల మధ్య ఒక్క బిట్ మాత్రమే తేడా ఉండేలా కూర్చిన గ్రే సంకేతంలో 7 అంటే 0100, 8 అంటే 1100, అంటే ఒక్క బిట్ దూరం. (అలాగని గ్రే సంకేతం సర్వరోగ నివారిణి కాదు, అందులో ఒక్క బిట్ మారితే 7 సున్నా కూడా కావచ్చు.)

ప్రోగ్రాముల విషయంలో చిక్కు ఇంకా పెద్దది, ఎందుకంటే మామూలు ప్రోగ్రాములో ఎక్కడో ఒక అక్షరం మారిస్తే చాలాసార్లు అది కంపైలే కాదు, అంటే నడిచే రూపంలోకే రాదు. 1992లో వెలువడిన తన గ్రంథంలో కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు జాన్ కోజా ప్రోగ్రామును చెట్టు రూపంలో ఉంచి, రెండు ప్రోగ్రాముల మధ్య కొమ్మకు కొమ్మ మార్చే పద్ధతిని వివరించారు. పుట్టే ప్రతి సంతానమూ వ్యాకరణం తప్పని ప్రోగ్రామే అవుతుంది, అయితే వేరుకు దగ్గరి కొమ్మ మారితే మాత్రం పని మొత్తం తారుమారవుతుంది.

నా ఉద్దేశంలో మీ ప్రశ్నకు సిసలైన జవాబు టియెరా అనే ప్రయోగం. ఉష్ణమండల అడవులను అధ్యయనం చేసిన జీవశాస్త్రజ్ఞుడు థామస్ రే, 1990 ప్రాంతంలో, తమను తామే నకలు చేసుకునే చిన్న ప్రోగ్రాములను కంప్యూటర్ మెమరీలో వదిలారు. ఆయన భాషలో ఉన్నవి 32 ఆదేశాలే. ఒక్కొక్కటి అయిదు బిట్లు కనుక ఏ బిట్ తిరగబడినా మరో చెల్లుబాటయ్యే ఆదేశమే వస్తుంది. పైగా, ‘ఫలానా చిరునామాకు వెళ్లు’ అని అంకెతో చెప్పే బదులు, జీవకణంలో అణువులు ఆకారాన్ని బట్టి ఒకదాన్నొకటి పట్టుకున్నట్లు, 1100 అనే గుర్తు కావాలంటే 0011 అని రాసి దగ్గరలో దాన్ని వెతికించేలా ఏర్పాటు చేశారు. ఆ గుర్తు తన శరీరంలోనిదే కానక్కరలేదు, పొరుగు ప్రోగ్రాములోనిదైనా సరిపోతుంది. రే రాసిన మూల ప్రోగ్రాములో 80 ఆదేశాలుండగా, కొంతకాలానికి 45 ఆదేశాల ప్రోగ్రాము ఒకటి పుట్టింది. నకలు తీసే భాగం దానికి లేనే లేదు, పొరుగువాడి దాన్ని వాడుకుని పిల్లల్ని కనేది. ఈ పరాన్నజీవిని రే రాయలేదు, కానీ అది పుట్టే దారిని ఆయన ఎంచుకున్న సంకేతమే తెరిచి ఉంచింది. చిరునామాలు అంకెల్లోనే ఉండి ఉంటే, ఒక అంకె మారగానే ప్రోగ్రాము ఎక్కడికో పోయి చతికిలబడేది.

మీరే పరీక్షించదలిస్తే, పనిచేసే చిన్న ప్రోగ్రామును రెండు సంకేతాల్లో రాసి, ఒక్కొక్క దాంట్లో వందసార్లు ఒకే ఒక్క చోట యాదృచ్ఛికంగా మార్చి చూడండి. ఎన్ని చచ్చిపోయాయో, ఎన్ని మారకుండా ఉన్నాయో, ఎన్ని కొద్దిగా మారాయో విడివిడిగా లెక్కవేయండి. మూడో లెక్క దేనికి ఎక్కువ వస్తే దానితో మొదలుపెట్టవచ్చు.