ముందు నీటి దారి వెతుకు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. కారు తలుపు తీయగానే ముక్కిపోయిన వాసన వస్తోందనీ, ముందు అద్దం ఎన్నిసార్లు తుడిచినా రెండు నిమిషాల్లో మళ్లీ మసకబారుతోందనీ రాశావు. వాసన పోవడానికి ఒక అత్తరు సీసా కొని తగిలించానన్నావు. దాన్ని తీసెయ్యమ్మా. ముప్పై ఏళ్లు కార్లు విప్పి బిగించినవాణ్ని కాబట్టి చెబుతున్నాను, నీరు ఎక్కడ దాక్కుందో నీకు చూపించేది ఆ వాసనే.

మొదట అద్దం మీద వేలితో ఒక గీత గీసి చూడు. మసక బయటివైపు ఉంటే భయం లేదు. బయట ఉక్కగా ఉన్నప్పుడు ఏసీ గాలి తగిలి అద్దం చల్లబడితే, బయటి గాలిలోని ఆవిరి దాని మీద పేరుకుంటుంది. వైపర్ ఒకసారి తిప్పి, ఏసీ చల్లదనం కాస్త తగ్గిస్తే సరిపోతుంది. మసక లోపలివైపు ఉంటే రెండో ప్రశ్న వేసుకోవాలి: మనుషులు ఎక్కాక వస్తోందా, ఎవరూ లేనప్పుడు కూడా ఉంటోందా? నలుగురు ఎక్కి అద్దాలు మూసుకుంటే వాళ్ల ఊపిరీ తడి బట్టలూ చాలు, ఏ కారులోనైనా మసక కమ్ముతుంది. కానీ రాత్రంతా తాళం వేసి ఉన్న కారులో తెల్లవారేసరికి అద్దాలు లోపల చెమర్చి ఉంటే, నీరు ఎక్కడో నిలిచి ఉన్నట్టే. నీ కారు సంగతి ఈ రెండోదేనని నా అనుమానం.

ఇప్పుడు మ్యాట్లు తీసి, కార్పెట్టు మీద అరచేయి గట్టిగా నొక్కి చూడు. పైపైన తాకితే పొడిగానే అనిపిస్తుంది. దాని అడుగున మందపాటి ఫోమ్ ఉంటుంది, అది నీటిని పీల్చుకుని వారాల తరబడి వదలదు. నాలుగు మూలలూ నొక్కు, డిక్కీలో స్టెప్నీ ఎత్తి దాని గుంటలో కూడా చూడు. అక్కడ నీళ్లుంటే వెనక లైట్ల చుట్టూ ఉండే రబ్బరునో, డిక్కీ మూత రబ్బరునో అనుమానించాలి.

డ్రైవరు పక్క సీటు ముందు తడి ఉంటే ఏసీ నీరు బయటికి పోయే గొట్టం పూడుకుపోయి ఉండవచ్చు. ఏసీ కొంతసేపు నడిచాక కారు కింద నీటి బొట్లు పడాలి. ఉక్కగా ఉన్న రోజున కూడా పడకపోతే ఆ నీరు లోపలికే వస్తోందన్నమాట. బానెట్ ఎత్తి, వైపర్ల కింద ఉండే తొట్టి లాంటి చోటు కూడా చూడు. ఎండుటాకులు అక్కడి కన్నాలను మూసేస్తే వాన నీరు నిండి, గాలి వచ్చే దారిలోంచి లోపలికి దిగుతుంది. సన్‌రూఫ్ ఉన్న కార్లలో దాని మూలల నుంచి దిగే సన్నని గొట్టాలు కూడా ఇలాగే పూడుకుంటాయి.

తలుపుల విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ నేనే పొరబడ్డాను. ఒక కారు తలుపు రబ్బరు రెండుసార్లు మార్చాను, రెండుసార్లూ వాన పడగానే కార్పెట్టు తడిసింది. తలుపు అద్దం పక్కనుంచి కొంత నీరు తలుపు లోపలికి దిగడం మామూలే, అడుగున ఉన్న కన్నాల నుంచి అది బయటికి పోవాలి. లోపలి అట్ట వెనక ఒక ప్లాస్టిక్ షీటు అంటించి ఉంటుంది, ఆ నీరు మనవైపు రాకుండా ఆపేది అదే. ఆ కారులో అంతకుముందు ఎవరో స్పీకరు మార్చి, షీటును సరిగ్గా అంటించకుండా వదిలేశారు. రబ్బరుకూ దానికీ సంబంధమే లేదు. నీ కారు తలుపులు ఈమధ్య ఎవరైనా విప్పారా? గుర్తు చేసుకో.

ఇంకొకటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకు. వాసన తియ్యగా ఉండి, అద్దం మీది పొర జిడ్డుగా అంటుతూ, ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, మట్టం తగ్గుతూ ఉంటే కారుతున్నది వాన నీరు కాదు, హీటరులోని కూలెంట్. అది విషం. వెంటనే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లు.

తడి ఎక్కడో తెలిసినా దారి తెలియకపోతే నీళ్ల పరీక్ష చెయ్యి. ఒకరు టార్చి పట్టుకుని లోపల కూర్చోవాలి, ఇంకొకరు బయటి నుంచి సన్నని ధారతో నీళ్లు పోయాలి. కింది నుంచి మొదలుపెట్టి, ఒక్కోచోట కొన్ని నిమిషాలు ఆగి పైకి జరగాలి. పైనుంచి మొదలుపెడితే నీరు అన్నిచోట్లకూ జారి ఏదీ తేలదు. అనుమానం ఉన్నచోట్ల పల్చని కాగితం ముక్కలు ఉంచితే మొదట తడిసేదాన్ని బట్టి దారి తెలుస్తుంది.

కారడం ఆగాకే ఆరబెట్టు. కార్పెట్టు ఎత్తి, ఫోమ్ బయటికి తీయగలిగితే తీసి ఎండలో వెయ్యి. లేకపోతే అడుగున ఆసరా పెట్టి ఎత్తి ఉంచి, ఫ్యాన్ గాలి తగిలేలా రోజుల తరబడి వదిలెయ్యి. సీట్ల కింద పసుపు రంగు తొడుగున్న తీగలు ఎయిర్‌బ్యాగులవి, వాటిని ముట్టుకోవద్దు. అలాంటి తీగలను కలిపే కనెక్టర్లు నీళ్లలో నానితే తుప్పు పడతాయి, కాబట్టి ఈ పని వచ్చే నెలకు వాయిదా వెయ్యకు.

అప్పటివరకూ బండి నడపక తప్పదు కదా. ఏసీ వేసి, వేడి పెంచి, గాలిని ముందు అద్దం మీదికి తిప్పు. ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది, వేడి అద్దాన్ని వెచ్చబరుస్తుంది. లోపలి గాలినే తిప్పే బటన్ ఆపి, బయటి గాలి రానివ్వు. అద్దం లోపలివైపు శుభ్రంగా కడిగి తుడువు, జిడ్డు ఉన్న అద్దం త్వరగా మసకబారుతుంది. దారి పూర్తిగా కనిపించేదాకా బండి కదిలించవద్దు తల్లీ, ఈ ఒక్కటీ నా కోసం.

కార్పెట్టు ఏ మూల తడిగా ఉందో చూసి రాయి. దాన్ని బట్టి మిగతాది చెబుతాను.

ఇట్లు,
మామయ్య