పీహెచ్‌పీయూనిట్‌ని గ్లోబల్‌గా వేసుకోవాలా, ప్రాజెక్టులోనే వేసుకోవాలా?

"ఉబుంటులో పీహెచ్‌పీయూనిట్‌ని ఒక్కసారి గ్లోబల్‌గా వేసేస్తే అన్ని ప్రాజెక్టులకూ సరిపోతుంది కదా?" అని అడిగారు. సరిపోదండీ. పీహెచ్‌పీయూనిట్ అంటే పీహెచ్‌పీ కోడ్‌ని పరీక్షించే టూల్, దాన్ని దించిపెట్టేది కంపోజర్ అనే ప్యాకేజీల టూల్. ప్రాజెక్టు ఫోల్డర్‌లోకి వెళ్లి "కంపోజర్ రిక్వైర్ --డెవ్ పీహెచ్‌పీయూనిట్/పీహెచ్‌పీయూనిట్" కొట్టండి, "వెండర్/బిన్/పీహెచ్‌పీయూనిట్"తో నడపండి. వేయడం రెండు నిమిషాల పని. ఈ ప్యాకేజీ కోడ్ రాసే దశలోనే కావాలని చెప్పేది --డెవ్. ఆ --డెవ్ దగ్గరే నాకు ఒకసారి పండగ పోయింది.

2019 సంక్రాంతి. ఊరెళ్లే బస్సు పంతంగి టోల్‌ప్లాజా దగ్గర ఆగిపోయింది, ముందు కిలోమీటర్ల కొద్దీ కార్లు. అప్పుడు ఫోన్ వచ్చింది. మేం చేసిపెట్టిన చీరల షాపు వెబ్‌సైటు తెరుచుకోవట్లేదట, పండగ అమ్మకాలన్నీ ఆగిపోయాయట. ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఫోన్ హాట్‌స్పాట్‌తో సర్వర్‌లోకి వెళ్లాను. టాప్ కమాండ్ కొడితే ఊరూ పేరూ లేని ప్రాసెస్ ఒకటి సీపీయూ మొత్తం తినేస్తోంది. యాక్సెస్ లాగ్ తెరిస్తే "ఇవాల్-ఎస్‌టీడీఇన్.పీహెచ్‌పీ" అనే ఫైలుకి పోస్ట్ రిక్వెస్టులు, అన్నిటికీ 200, అంటే అన్నీ పనిచేశాయన్నమాట. ఈ ఫైలు ఎవరు రాశారురా అని టీమ్ గ్రూపులో అడిగాను. ఎవరూ రాయలేదు. అది పీహెచ్‌పీయూనిట్‌తో వచ్చిన ఫైలే.

పాత వెర్షన్లలో, అంటే 4.8.28కి ముందూ, 5 సిరీస్‌లో 5.6.3కి ముందూ, బయటివాడు ఆ ఫైలుకి పీహెచ్‌పీ కోడ్ పంపితే చక్కగా నడిపి పెట్టేది. భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2017-9841 అంటే అదే. కానీ కంపోజర్ ప్యాకేజీలు దించే వెండర్ ఫోల్డర్ బ్రౌజర్‌కి అందితేనే ఈ ప్రమాదం. ఎందుకు అందింది? ప్రాజెక్టు మొత్తాన్నీ పబ్లిక్_హెచ్‌టీఎంఎల్‌లో, అంటే బ్రౌజర్‌కి తెరిచి ఉండే ఫోల్డర్‌లో, పడేసిన మహానుభావుణ్ని నేనే. పైగా అక్కడ ఉత్త "కంపోజర్ ఇన్‌స్టాల్" కొట్టాను. --డెవ్‌తో వేసిన ప్యాకేజీలు సర్వర్‌కి రావులే అనుకున్నాను. వస్తాయి! రాకూడదంటే అక్కడ "కంపోజర్ ఇన్‌స్టాల్ --నో-డెవ్" అనాలి.

పక్క సీటు పెద్దాయన "ఏం బాబూ, ఉద్యోగం పోయిందా?" అన్నాడు. "ఇంకా లేదండీ" అన్నాను. సైటు ఆపేసి, భోగి రోజంతా కొత్త సర్వర్ కట్టుకుంటూ కూర్చున్నాను. బయటివాడు దూరిన సర్వర్‌ని తుడిచి మళ్లీ వాడుకోవడం నాకు ఇష్టం ఉండదు. అరిసెలు కీబోర్డు పక్కనే తిన్నాను.

ఇక గ్లోబల్ సంగతి. పీహెచ్‌పీయూనిట్ 9కి పీహెచ్‌పీ 7.3 చాలు, 10కి 8.1 కావాలి, 11కి 8.2. మీ దగ్గర పాత క్లయింటుది ఒకటి, కొత్తది ఒకటి ఉంటే ఒకే గ్లోబల్ కాపీ ఎవరికి సాయం చేస్తుంది? ఇప్పటికీ కొన్ని ట్యుటోరియల్స్‌లో "పియర్ ఇన్‌స్టాల్" కనిపిస్తుంది. పియర్ అంటే పీహెచ్‌పీ ప్యాకేజీలు దించే పాత పద్ధతి. పీహెచ్‌పీయూనిట్‌కి ఆ దారి 2014 చివర్లోనే మూసేశారు. ఆ వీడియోలు చేసేవాళ్లు తాము చెప్పే కమాండ్ ఒక్కసారైనా కొట్టి చూస్తారా అని నా అనుమానం.

ఇంకో జబ్బు: ఏ ప్యాకేజీ ఏ వెర్షనో రాసి ఉండే కంపోజర్.లాక్ ఫైలుని గిట్‌లో పెట్టరు. పెట్టకపోతే మీకొక వెర్షన్, పక్కవాడికొక వెర్షన్, ఆపైన "నా మెషీన్‌లో పాసవుతోందన్నా" అనే పాట. "కంపోజర్ అప్‌డేట్" అంటే లాక్ మారుతుంది, "ఇన్‌స్టాల్" అంటే లాక్‌లో ఉన్నదే దిగుతుంది. ఈ తేడా తెలియకుండానే అయిదేళ్ల అనుభవం అని రెజ్యూమె పట్టుకొచ్చినవాళ్లని ఇంటర్వ్యూల్లో చూశాను.

మీ పీహెచ్‌పీ వెర్షన్ రాయలేదు. "పీహెచ్‌పీ -వి" కొట్టి చూడండి. 7.4 అయితే పైన చెప్పిన రిక్వైర్ కమాండ్ చివర ":^9" తగిలించండి, 9 సిరీస్‌లోదే దిగుతుంది. వేశాక ఏది దిగిందో "కంపోజర్ షో పీహెచ్‌పీయూనిట్/పీహెచ్‌పీయూనిట్" చెబుతుంది. కొత్త వెర్షన్ దిగనని మొండికేస్తే "కంపోజర్ వై-నాట్ పీహెచ్‌పీయూనిట్/పీహెచ్‌పీయూనిట్ 10" అని అడగండి, ఎవరు అడ్డుపడుతున్నారో పేరు పెట్టి చెబుతుంది.