గంటైనా ఏం కాలేదని రెండో లడ్డు తిన్నా..

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి బీటెక్ చదువుతున్నా. మొన్న హోలీకి ఫ్రెండ్స్ భంగ్ (గంజాయి ఆకు) లడ్డు పెట్టారు, గంటైనా ఏం కాలేదని ఇంకోటి తినేశా, తర్వాత ఒకటే గుండె దడ, గడియారం ముల్లు కదలట్లేదనిపించింది, చచ్చిపోతానేమోనని రాత్రంతా వణికిపోయా. మావాళ్లేమో గంజాయి తాగితే ఇలా అవ్వదు, ఆకే కదా ఏం కాదు అంటున్నారు. నిజమేనా?

జవాబు: నువ్వు దెబ్బతిన్నది రెండో లడ్డు దగ్గర తమ్ముడూ. పొగ పీలిస్తే మత్తు ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి, అక్కణ్ణుంచి మెదడుకి నిమిషాల్లో చేరుతుంది, మామూలుగా రెండు మూడు గంటల్లో దిగిపోతుంది. తిన్నది అలా కాదు, కడుపు, పేగులు, లివర్ దాటుకుని రావాలి, అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది, భోంచేసి ఉంటే ఇంకా లేటు. పైగా గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ అనే పదార్థాన్ని లివర్ ఇంకో పదార్థంగా మారుస్తుంది, అది ఇంకా గట్టిది. మొదటిది ఎక్కేలోపే నువ్వు రెండోది వేశావు, రెండూ కలిసి ఆరేడు గంటలు ఆడుకున్నాయి. ఒక్కో లడ్డులో ఎంత పడిందో చేసినవాడికీ తెలీదు.

తాగితే అవ్వదనేది ఉత్తమాట. దడ, భయం అందులోనూ వస్తాయి, కాకపోతే త్వరగా తెలుస్తుంది కాబట్టి కొందరు అక్కడితో ఆపుతారు. సిగరెట్ పొగాకు కలిపి చుట్టేవాళ్లకి ఆ అలవాటు ఫ్రీగా అంటుకుంటుంది. ఇక ఆకే కదా అంటే, ఉమ్మెత్త కూడా చెట్టుకే కాస్తుంది మరి! మీ వయసులో తరచూ తాగేవాళ్లలో కొందరికి అనుమానాలు, చెవిలో మాటలు వినపడటం మొదలవుతాయి, ఇంట్లో ఎవరికైనా స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉంటే అసలు దాని జోలికే పోవద్దు. నీ భయం వారం దాటినా తగ్గకపోతే సైకియాట్రిస్ట్‌ని కలువు, ఛాతీ నొప్పి వస్తే మాత్రం ఆగకుండా హాస్పిటల్‌కి పో.

ప్రశ్న: మాది నర్సీపట్నం దగ్గర. మా అబ్బాయికి 24 ఏళ్లు, మూడేళ్లుగా రోజూ గంజాయి తాగుతున్నాడని ఈమధ్యే తెలిసింది. పొద్దున్నే వాంతులు, వేడినీళ్లు పోసుకుంటూ బాత్రూంలోనే గంటలు గంటలు ఉంటాడు. ఎండోస్కోపీలో ఏమీ లేదన్నారు. పోలీసు కేసవుతుందని హాస్పిటల్లో గంజాయి మాట చెప్పలేదండీ.

జవాబు: ఆ వేడినీళ్ల సంగతి రాసి మంచిపని చేశారమ్మా. ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లలో కొందరికి సరిగ్గా ఇలాంటి వాంతులే వస్తాయి, వేడినీళ్లు పడితేనే హాయిగా ఉంటుంది. మామూలు వాంతి మాత్రలకి సరిగా లొంగవు, గంజాయి పూర్తిగా మానేస్తేనే పోతాయి, అదీ వెంటనే కాదు, వారాలు పట్టొచ్చు. మానేసిన కొత్తలో నిద్ర పట్టదు, అన్నం సహించదు, అందరి మీదా విసుక్కుంటాడు, మీరు కంగారుపడొద్దు. వాంతులు ఆగకుండా అయ్యి ఒంట్లో నీళ్లు తగ్గితే కిడ్నీల మీద పడుతుంది, అప్పుడు సెలైన్ కావాలి.

డాక్టర్‌కి మాత్రం దాచకండి. తాగే అలవాటున్నవాడు తనంతట తానే గుర్తింపున్న సెంటర్లో ట్రీట్‌మెంట్‌కి వస్తే కేసు నుంచి రక్షణ ఇచ్చే సెక్షన్ 64ఏ 1985 నాటి మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్)లోనే ఉంది, అమ్మేవాళ్లకి అది వర్తించదు. దగ్గర్లో సెంటర్ ఎక్కడుందో 14446కి ఫోన్ చేస్తే చెప్తారు, డబ్బులు పడవు.