ఏళ్లుగా నిలిచిపోయిన ప్రీమియర్ పద్మిని కారును ఇంట్లోనే స్టార్ట్ చేయడం ఎలా?

కొత్త బ్యాటరీ పెట్టి వెంటనే సెల్ఫ్ కొట్టకండి. పిస్టన్ రింగులు తుప్పుతో పట్టేసి ఉంటే సిలిండర్ గోడలు గీసుకుపోతాయి. నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి, ఒక్కో రంధ్రంలో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు టాప్ గేర్‌లో వేసి బండిని మెల్లగా నెట్టి చూడండి. ఇంజిన్ కదలకపోతే బలవంతం వద్దు, మళ్లీ ఆయిల్ పోసి ఆగండి. ఓపికే ఇక్కడ ఇంజిన్‌ని కాపాడేది.

ట్యాంకులోని పాత పెట్రోలు మొత్తం తీసేయాలి. అది జిగురై కార్బ్యురేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) జెట్లను, అంటే పెట్రోలు వెళ్లే సన్నటి రంధ్రాలను, మూసేస్తుంది. జెట్లలో సూది గుచ్చితే రంధ్రం పెద్దదవుతుంది, క్లీనర్ స్ప్రే కొట్టి గాలి పట్టండి. ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలుకు పాత రబ్బరు పైపులు పాడై కారతాయి, వేడి ఇంజిన్ మీద అది మంటే. ఇథనాల్ తట్టుకునే పైపు కావాలని సికింద్రాబాద్‌లోని విడిభాగాల బజారు రాణిగంజ్‌లో అడిగి తీసుకోండి. చక్రాల దగ్గర బ్రేకును నొక్కే వీల్ సిలిండర్ల రబ్బర్లు మార్చేదాకా మాత్రం బండి గేటు దాటకూడదు.