హవాయిలో లువావ్ టికెట్ కొనేముందు

సెలవులకు హవాయి వెళ్లే తెలుగువాళ్లు ముందుగా అడిగేది "ఏ లువావ్ బాగుంటుంది?" అని. లువావ్ అంటే విందు, నాట్య ప్రదర్శన కలిసిన హవాయి వేడుక. ఒక పేరు చెప్పి ఊరుకోవడం తేలికే. అయితే మాంసం తినే నలుగురు స్నేహితులకు నచ్చిన లువావ్, శాకాహారులైన అత్తమామలనూ మూడేళ్ల పాపనూ వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లకు నచ్చకపోవచ్చు. టికెట్ కూడా చిన్నదేమీ కాదు. పెద్దవాళ్లకు చోటునుబట్టి, సీటునుబట్టి సుమారు 130 నుంచి 250 డాలర్ల దాకా ఉంటుంది. పైన పన్ను, కొన్నిచోట్ల సర్వీస్ చార్జీ, పార్కింగ్. నలుగురికి 800 డాలర్లు దాటడం మామూలే. అందుకే వెబ్‌సైట్‌లో మంటలు తిప్పే కుర్రాడి ఫొటో చూసి కాకుండా, మీ వాళ్లు ఏం తింటారు, ఎంత దూరం కారులో కూర్చోగలరు అన్నదాన్నిబట్టి ఎంచుకోండి.

మొత్తం కార్యక్రమం మూడు గంటల పైచిలుకు. సాయంత్రం నాలుగున్నర, ఐదుకి లోపలికి పంపుతారు. మెడలో పూల దండో గవ్వల దండో వేస్తారు, ఫొటో తీస్తారు (ఆ ఫొటో చివర్లో అమ్ముతారు, కొనాలని లేదు). ఓ గంట ఆటలు, కొబ్బరాకు అల్లికలాంటి చేతిపనులు, తర్వాత ఇము తెరవడం, భోజనం, సూర్యాస్తమయం అటూ ఇటుగా ప్రదర్శన. ఎనిమిదీ ఎనిమిదిన్నరకు అయిపోతుంది.

ఇము అంటే నేలలో తవ్విన పొయ్యి. గుంటలో కియావె కట్టెలు పేర్చి, వాటి మీద లావా రాళ్లను ఎర్రగా కాలుస్తారు. రాళ్ల మీద నలగ్గొట్టిన అరటి బోదెలు, టీ అనే మొక్క ఆకులు (తేయాకు కాదు) పరిచి, పందిని పెట్టి, ఆకులూ తడిగోనెలూ కప్పి మట్టితో మూసేస్తారు. అరటి బోదెలోంచి వచ్చే ఆవిరికే గంటల తరబడి మెత్తగా ఉడుకుతుంది. అదే కాలువా పంది మాంసం. కొన్ని హోటళ్లలో వంటింట్లోనే ఓవెన్‌లో చేసి తెచ్చేస్తారు. రుచిలో తేడా తెలుస్తుంది. అదే ముఖ్యమనుకుంటే "మీ దగ్గర ఇము ఉందా, దాన్ని తెరిచే వేడుక ఉందా?" అని ఫోన్ చేసి అడగండి. ఉంటే చెప్పిన వేళకు పావుగంట ముందే చుట్టూ చేరాలి, ఆలస్యమైతే ముందువాళ్ల వీపులే కనిపిస్తాయి.

ఇక ప్లేటు సంగతి. మనవాళ్లు ఎక్కువగా నొచ్చుకునేది ఇక్కడే. బఫే నిండా గిన్నెలే కనిపిస్తాయి కానీ శాకాహారి తినగలిగేవి నాలుగైదుకు మించవు: పోయ్, ఊదారంగు చిలగడదుంప, తెల్లన్నం, పళ్లు, హావ్‌పియా. పోయ్ అంటే ఉడికించిన చేమదుంపను నీళ్లతో దంచి తీసిన ముద్ద. తాజాది చప్పగా ఉంటుంది, రెండు మూడు రోజులది పులిసిన అంబలిలా ఉంటుంది. వట్టిది ఒక చెంచా నోట్లో వేసుకుని మొహం ముడిచేవాళ్లే ఎక్కువ. అది ఉప్పగా ఉన్నదానితో నంజుకుని తినేది. హావ్‌పియా కొబ్బరిపాలు, పంచదార, పిండి కలిపి గడ్డకట్టించిన ముక్కలు, సాధారణంగా నిశ్చింతగా తినొచ్చు. కవాయి ద్వీపం వైపు కులోలో అని చేమదుంప, కొబ్బరి కలిపి ఆవిరి మీద చేసిన తీపి దొరికితే వదలకండి.

చూడ్డానికి శాకాహారంలా ఉండి మోసం చేసేవి కొన్ని ఉన్నాయి. టమాటా, ఉల్లిపాయ సన్నగా తరిగి కలిపినట్టు కనిపించే లోమీ లోమీలో ఉప్పులో ఊరిన పచ్చి సాల్మన్ చేప ఉంటుంది. ఆకుపొట్లంలా ముద్దొచ్చే లావ్‌లావ్ లోపల పంది మాంసం, తరచుగా చేప. సేమ్యాలా కనిపించే లాంగ్ రైస్ కోడి పులుసులో ఉడికింది. చేమ ఆకుతో కొబ్బరిపాలు పోసి చేసిన కూర చూసి ప్రాణం లేచొస్తుంది కానీ అందులో ఆక్టోపస్ గానీ కోడి గానీ వేస్తారు. ఫ్రైడ్ రైస్‌లో స్పామ్, అంటే డబ్బా పంది మాంసం, ముక్కలుంటాయి. మాకరోనీ సలాడ్‌లో గుడ్డుతో చేసిన మేయనేజ్. రంగు రంగుల జెల్లీలో జెలటిన్. స్టేక్, తెరియాకీ అన్నవి చాలావరకు గొడ్డు మాంసమే, కాబట్టి మాంసం తినేవాళ్లు కూడా అడిగి వడ్డించుకోవాలి. హలాల్ పాటించేవాళ్లకు కష్టం ఇంకా ఎక్కువ: అన్నీ పక్కపక్క గిన్నెలు, గరిటెలు ఇటువి అటు మారుతుంటాయి.

దీనికి మందు ఒకటే. బుక్ చేసేటప్పుడే శాకాహార భోజనం కావాలని రాయండి, మూడు రోజుల ముందు మళ్లీ ఈమెయిల్ పంపండి, లోపలికి వెళ్లేటప్పుడు మూడోసారి చెప్పండి. "వెజిటేరియన్" అని వదిలేస్తే చేప వడ్డించినా ఆశ్చర్యం లేదు. మాంసం, కోడి, చేప, రొయ్య, గుడ్డు, వాటి రసం ఏదీ వద్దని విడివిడిగా రాయడమే మేలు. వచ్చేది మహా అయితే కాల్చిన కూరగాయలూ టోఫూ. పులిహోర డబ్బా పట్టుకెళ్దామంటే బయటి తిండిని చాలాచోట్ల లోపలికి రానివ్వరు, పసిపిల్లల ఆహారం ఒక్కటే మినహాయింపు. నాలుగింటికి గదిలోనే పెరుగన్నమో పులిహోరో తినేసి బయల్దేరితే ఎవరికీ బాధ ఉండదు.

ఇంటిల్లిపాదీ శాకాహారులే అయితే అసలు భోజనం టికెట్ ఎందుకు? కొన్నిచోట్ల ప్రదర్శనకు మాత్రమే టికెట్ ఇస్తారు. కవాయిలో వైలువా నది దగ్గరున్న స్మిత్స్ ఫ్యామిలీ గార్డెన్ లువావ్, ఓవాహు ద్వీపంలో పాలినేషియన్ కల్చరల్ సెంటర్ అలాంటివే. మా సలహా అడిగితే శాకాహార కుటుంబాలకు ఇదే సరైన దారి. డబ్బు బాగా మిగులుతుంది.

ప్రదర్శన గురించి ఒక మాట. "సంప్రదాయ హవాయి లువావ్" అని రాసినచోట కూడా వేదిక మీద చూసేదంతా హవాయిది కాదు. ఒంటి మీద ఆకుల అలంకారంతో, సొరకాయ బుర్ర వాయిద్యం ఇపు మీద దరువు వేస్తూ, పాట కాకుండా మంత్రంలా చదువుతుంటే ఆడేది హులా కహికో, పాతది. గిటార్, ఉకులేలేతో మెల్లగా సాగేది హులా ఆవానా, తర్వాతి కాలానిది. నడుము వేగంగా ఊపుతూ డప్పుల హోరులో ఆడేది తాహితీది. నాలుక చాపి తొడలు చరుచుకునే హాకా న్యూజిలాండ్ మావోరీలది. అందరూ ఎదురుచూసే నిప్పుకత్తి నాట్యం సమోవాది. ఆ కత్తికి మంట తోడైంది 1946లో, అదీ శాన్‌ఫ్రాన్సిస్కోలో. ఫ్రెడ్డీ లెటూలీ అనే సమోవా కళాకారుడు అక్కడ నిప్పు మింగే ఒక హిందూ గారడీవాడిని చూసి తన కత్తి చివరలకు మంట పెట్టుకున్నాడని చెబుతారు.

ఇది తెలిస్తే ఎంచుకోవడం తేలిక. పిల్లలకు మంటలు కావాలంటే ఓవాహు, మావీ, కవాయి, బిగ్ ఐలాండ్ నాలుగు ద్వీపాల్లోనూ దొరుకుతాయి. హవాయివాళ్ల హులానే, వాళ్ల చరిత్రే చూడాలనుకుంటే మావీలో ఓల్డ్ లహైనా లువావ్ మంచిది. అక్కడ నిప్పుకత్తి ఉండదు, అది కావాలనే పెట్టలేదు. 2023 ఆగస్టు 8న లహైనా పట్టణాన్ని తగలబెట్టిన కార్చిచ్చులో ఈ చోటు మిగిలింది, 2024లో మళ్లీ మొదలైంది. అటు వెళ్లినప్పుడు కాలిపోయిన వీధుల్లో ఆగి ఫొటోలు తీయకండి, అవి జనం ఇళ్లు. ఈ లువావ్‌కు టికెట్లు త్వరగా అయిపోతాయి, విమానం టికెట్లతోపాటే కొనాలి. కింద చాపల మీద దిండ్లు వేసి కూర్చోబెట్టే వరస వేదికకు దగ్గరే గానీ మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు మూడు గంటలు కూర్చోలేరు, బల్ల సీట్లే తీసుకోండి.

ఓవాహులో ఎక్కువమంది వైకీకీలో దిగుతారు, లువావ్‌లేమో దూరంగా ఉంటాయి. లాయెలోని పాలినేషియన్ కల్చరల్ సెంటర్ సుమారు 35 మైళ్లు, గంట పైనే. 1963లో మొదలైన ఈ కేంద్రం మోర్మన్ చర్చివాళ్లది. ఆదివారం మూత, మద్యం ఉండదు, చాలామంది కళాకారులు పక్కనున్న యూనివర్సిటీ విద్యార్థులు. మద్యం వాసన పడని పెద్దవాళ్లున్న మన కుటుంబాలకు ఇది ఒక సౌకర్యమే. హవాయి, సమోవా, తాహితీ, టోంగా, ఫిజీ, మావోరీ పల్లెలు మధ్యాహ్నం నుంచే చూడొచ్చు కాబట్టి సాయంత్రం మాత్రమే వెళ్తే టికెట్ దండగ. రోజంతా దానికే కేటాయించండి. పడమటి ఒడ్డున లువావ్‌లు జరిగే ఇంకో చోటు కో ఒలీనా, వైకీకీ నుంచి సుమారు 27 మైళ్లే గానీ మధ్యాహ్నం మూడు దాటాక హెచ్-1 రహదారి అటువైపు నిండిపోతుంది. నలభై నిమిషాల దారి గంటన్నర పట్టొచ్చు. రెండున్నరకల్లా బయల్దేరి అక్కడి ఇసుకలో పిల్లల్ని ఆడించుకోండి. ఆ వైపు వానలు కూడా తక్కువ. బస్సు టికెట్ కలిపి కొంటే తాగినవాళ్లకు భద్రం కానీ, తిరుగు ప్రయాణంలో హోటల్ హోటల్‌కీ ఆగుతూ గదికి చేరేసరికి పది దాటుతుంది.

బిగ్ ఐలాండ్‌లో కోనా తీరాన కమకహోను అనే చిన్న రేవుంది. 1819లో మొదటి కమెహమెహా రాజు పోయింది అక్కడే. కొన్ని నెలలకే కొడుకు లిహోలిహో అక్కడే ఆడవాళ్ల పంక్తిలో కూర్చుని భోంచేసి, ఆడామగా కలిసి తినకూడదన్న కపు కట్టుబాటును చెరిపేశాడు. అంతకుముందు పంది మాంసం, కొబ్బరి, చాలా రకాల అరటిపళ్లు ఆడవాళ్లకు నిషేధం. ఆ ఒడ్డునే ఉన్న హోటల్‌లో ఐలాండ్ బ్రీజ్ లువావ్ జరుగుతుంది, ఎదురుగా అహుఎనా ఆలయం కనిపిస్తుంది. ఒకటే హెచ్చరిక: అగ్నిపర్వతాల పార్కు నుంచి కోనాకు రెండు గంటల పైనే దారి. రెండూ ఒకేరోజు పెట్టుకోకండి. కవాయిలో లిహుయె దగ్గరి లువావ్ కలమకులో ప్రేక్షకులు చుట్టూ కూర్చుంటారు, పైకప్పు ఉంది. వానలు ఎక్కువ పడే ఆ ద్వీపంలో అదే పెద్ద లాభం.

ఏ రోజు వెళ్లాలి? మొదటిరోజు వద్దు. హవాయి సమయం కాలిఫోర్నియా కంటే వేసవిలో మూడు గంటలు, చలికాలంలో రెండు గంటలు వెనక. వేసవిలో రాత్రి ఎనిమిదికి నిప్పుకత్తి వచ్చేసరికి కాలిఫోర్నియా నుంచి వచ్చిన పిల్లల ఒంటికి పదకొండు, టెక్సాస్ నుంచి వస్తే అర్ధరాత్రి దాటుతుంది. చివరిరోజూ వద్దు, రాత్రి విమానం తప్పిపోయే ప్రమాదం ఉంది, వానకు రద్దయితే ఇంకో రోజూ మిగలదు. మూడో రోజు బాగుంటుంది. డిసెంబరులో సూర్యుడు ఆరులోపే, జూన్‌లో ఏడుంపావుకు అస్తమిస్తాడు. సముద్రం మీద అస్తమయం కోసమే ఎక్కువ డబ్బు పెడుతుంటే ఆ వేళకు మీరు బఫే వరసలో ఉంటారా, బల్ల దగ్గర ఉంటారా అని లెక్క చూసుకోండి.

సీట్ల ధరల్లో తేడా చాలావరకు రెండు విషయాలకు: వేదిక దగ్గర చోటు, బఫేకి ముందు పిలుపు. దగ్గరుంటే డప్పుల మోత, మంటల ఇంధనం వాసన ఎక్కువ, పసిపిల్లలున్నవాళ్లకు మధ్య వరసలే నయం. మద్యం తాగనివాళ్లు "అపరిమిత బార్" కలిపిన టికెట్ కొననక్కర్లేదు. తాగేవాళ్లు వయసు రుజువు తీసుకెళ్లాలి, 21 నిండకపోతే ఇవ్వరు. మూడేళ్లలోపు పిల్లలకు చాలాచోట్ల ఒళ్లో కూర్చుంటే టికెట్ లేదు, ఆ వయసు హద్దు మాత్రం చోటుకో రకం.

టికెట్ నేరుగా నిర్వాహకుల సైట్‌లోనే కొనండి. వానకు తేదీ మార్చుకోవడం, శాకాహారం గురించి రాయడం అప్పుడే సులువు. వైకీకీ వీధుల్లో సగం ధరకు లువావ్ అని పిలిచే బల్లల దగ్గర టైమ్‌షేర్ (ఏటా కొన్ని రోజులు రిసార్టు గది వాడుకునే హక్కు) అమ్మకపు ప్రసంగం అంటగడతారు. సెలవులో ఒక పొద్దు దానికే పోతుంది.

పట్టుచీరలు పెట్టెలోనే ఉంచండి. గడ్డి, ఇసుక, ఎత్తుపల్లాలు, గాలి. మడమ ఎత్తులేని చెప్పులు, పలచటి స్వెట్టర్, దోమల మందు చాలు. నడక కష్టమైన పెద్దవాళ్లుంటే ముందే చెబితే వరసలో నిలబడకుండా ప్లేటు తెచ్చిపెడతారు. గర్భిణులకు హవాయిలో ముడివేసిన దండ వెయ్యరు, రెండు కొసలూ విడిగా వేలాడేది ఇస్తారు. మీకు కడుపు ఇంకా కనబడకపోతే మీరే ఒక మాట చెప్పండి. మెడలో వేసిన దండను ఇచ్చినవాళ్ల ఎదుటే తీసేయడం మర్యాద కాదు, చెత్తబుట్టలో పడేయడం అంతకన్నా తప్పు. పూలదండలు చాలావరకు అమెరికా ప్రధాన భూభాగానికి తెచ్చుకోవచ్చు, నిమ్మజాతి పూలూ ఆకులూ లాంటివి ఉన్నవి మాత్రం విమానాశ్రయంలో వ్యవసాయ తనిఖీవాళ్లు తీసేసుకుంటారు.