పేరా నంబర్లు చేత్తో కొట్టకు

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

గవర్నర్‌పేటలో డీటీపీ పనిలో చేరావని మీ అమ్మ చెప్పింది. పిటిషన్లు, అఫిడవిట్లు టైపు చేసేచోట ముందు నేర్వాల్సింది లిస్టులు, అంటే నంబర్లు వాటంతటవే పడే పేరాలు. ప్లీడరుగారు సాయంత్రం వచ్చి "మూడుకీ నాలుగుకీ మధ్య ఇంకో పేరా దూర్చవయ్యా" అంటారు. నంబర్లు చేత్తో కొట్టి ఉంటే కిందిదాకా దిద్దుకుంటూ పోవాలి. ఎక్కడో ఏడు రెండుసార్లు పడుతుంది.

వర్డ్‌లో లైను మొదట్లో 1, పక్కన చుక్క పెట్టి స్పేస్ నొక్కు, అదే లిస్టవుతుంది. నక్షత్రం గుర్తు, స్పేస్ నొక్కితే బుల్లెట్. అక్కర్లేనిచోట అలా మారితే వెంటనే కంట్రోల్ జెడ్ ఒక్కసారి నొక్కు: లిస్టు పోతుంది, కొట్టింది పోదు. బుల్లెట్లకి కంట్రోల్ షిఫ్ట్ ఎల్ ఉంది. విచిత్రం, నంబర్లకి మాత్రం అలాంటి కీ సిద్ధంగా లేదు, మనమే పెట్టుకోవాలి. స్టైల్స్‌లో లిస్ట్ నంబర్ మీద రైట్ క్లిక్, మాడిఫై, ఫార్మాట్, షార్ట్‌కట్ కీ. నువ్వు నొక్కిన కీ కింద అన్‌అసైన్డ్ అని చూపిస్తేనే అసైన్ కొట్టు, లేకపోతే పాత పని పోతుంది.

1 కింద ఎ, బి రావాలంటే లైను మొదట్లో ట్యాబ్, వెనక్కి షిఫ్ట్ ట్యాబ్. టేబుల్‌లో ట్యాబ్ పక్క గడిలోకి దూకుతుంది కాబట్టి అక్కడ ఆల్ట్ షిఫ్ట్ కుడి బాణం వాడు. ఆల్ట్ షిఫ్ట్ పై బాణమో కింది బాణమో నొక్కితే పేరా మొత్తం జరుగుతుంది, నంబర్లు వాటంతటవే సర్దుకుంటాయి. సెలెక్ట్ చేయనక్కర్లేదు, కర్సర్ పేరాలో ఉంటే చాలు. ప్లీడర్లతో పనిచేసేవాడికి ఇంతకన్నా పనికొచ్చే కీ లేదు.

అడ్రసులాంటిది ఒకే నంబరు కింద రెండు లైన్లు రావాలంటే షిఫ్ట్ ఎంటర్. పేరా జస్టిఫైలో, అంటే రెండంచులూ సమంగా ఉండేలా పెట్టి ఉంటే, ఆ లైనులో మాటలు ఎడంఎడంగా సాగిపోతాయి, కంట్రోల్ ఎల్ నొక్కు. షిఫ్ట్ కలిపి నొక్కావో, బుల్లెట్ పడుతుంది. లిస్టు ముగించాలంటే ఎంటర్ రెండుసార్లు. నంబరు పక్కన బ్యాక్‌స్పేస్ నొక్కితే నంబరే పోతుంది, పేరా లోపలికే ఉండిపోతుంది. పూర్తిగా మామూలు పేరా కావాలంటే కంట్రోల్ షిఫ్ట్ ఎన్.

అను అనే తెలుగు ఫాంటులో కొట్టినప్పుడు నంబరు స్థానంలో ఏదో పిచ్చి అక్షరం వస్తే కంగారుపడకు. నంబరు తన ఫాంటుని పేరా చివరి గుర్తు నుంచి తీసుకుంటుంది. కంట్రోల్ షిఫ్ట్ 8 నొక్కితే ఆ గుర్తు కనబడుతుంది. దాన్నొక్కదాన్నే సెలెక్ట్ చేసి కంట్రోల్ డితో టైమ్స్ న్యూ రోమన్ పెట్టు. గూగుల్ డాక్స్‌లో కంట్రోల్ షిఫ్ట్ 8కి బుల్లెట్లు వస్తాయి, నంబర్లకి అక్కడ కంట్రోల్ షిఫ్ట్ 7. లిబ్రె ఆఫీస్‌లో అయితే ఎఫ్12.

మరొకటి: పేరా నంబరు మారినా, లోపల "పై 4వ పేరాలో" అని చేత్తో కొట్టినది మారదు. అక్కడ రిఫరెన్సెస్‌లోని క్రాస్ రిఫరెన్స్‌తో నంబరు పెట్టు, ప్రింటు తీసేముందు కంట్రోల్ ఏ, ఎఫ్9 నొక్కు, అప్పుడు అవీ కొత్త నంబర్లకి మారతాయి.

మీ పెదనాన్న